వెమురాఫెనిబ్ + ఈజీఎఫ్ఆర్ మోడల్: ఫిట్ బాగుంది, అంచనా తప్పింది. ఎక్కడ వెతకాలి?

సందేహాలపుట్ట:

బీరాఫ్ అనే సిగ్నల్ ప్రోటీన్‌లో వీ600ఈ మ్యుటేషన్ ఉన్న మెలనోమాలో (చర్మ క్యాన్సర్), దాన్ని ఆపే మందు వెమురాఫెనిబ్ ఒక్కటే ఇచ్చినా దాదాపు సగం మందిలో గడ్డ తగ్గుతుంది. అదే మ్యుటేషన్ పెద్దపేగు క్యాన్సర్‌లో ఉంటే అదే మందు దాదాపు పనిచేయదు. కారణం 2012లోనే బయటపడింది. బీరాఫ్ దారి చివర ఉండే ప్రోటీన్ ఎర్క్ పడిపోగానే, కణం పైపొర మీది రిసెప్టర్ ఈజీఎఫ్ఆర్ మీదున్న బ్రేకు ఊడిపోతుంది, సిగ్నల్ రాస్ ప్రోటీన్ మీదుగా బీరాఫ్ తోబుట్టువు సీరాఫ్‌కి, అక్కణ్ణుంచి మళ్లీ ఎర్క్‌కి చేరుతుంది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ తక్కువ కాబట్టి ఈ దొడ్డిదారి ఉండదు. దీన్ని డిఫరెన్షియల్ సమీకరణాల మోడల్‌గా కట్టి, వెమురాఫెనిబ్‌కి ఏ మందు జోడిస్తే ఎంత లాభమో ముందే చెప్పించాలని ప్రయత్నం.

ఉన్న సరంజామా: హెచ్‌టీ29 (పేగు), ఏ375 (మెలనోమా) కణాలు. వెమురాఫెనిబ్ 1 మైక్రోమోలార్, ఒకే మోతాదు. సున్నా నుంచి 48 గంటల దాకా 9 టైమ్ పాయింట్లు. వెస్టర్న్ బ్లాట్‌లో (జెల్ మీద ప్రోటీన్లను విడదీసి యాంటీబాడీతో కొలవడం) పీ-ఈజీఎఫ్ఆర్, పీ-మెక్, పీ-ఎర్క్. పీ- అంటే ఫాస్ఫేట్ తగిలి చురుగ్గా ఉన్న రూపం, మెక్ అంటే రాఫ్‌కీ ఎర్క్‌కీ మధ్య మెట్టు. మోడల్లో 34 వేరియబుల్స్, 71 పారామీటర్లు, కోపాసీ సాఫ్ట్‌వేర్‌లో ఫిట్ చేశాను. గీతలు పాయింట్ల మీదుగా చక్కగా పోతున్నాయి.

చిక్కేమిటంటే, హెచ్‌టీ29లో వెమురాఫెనిబ్‌కి జెఫిటినిబ్ (ఈజీఎఫ్ఆర్‌ని ఆపే మందు) కలిపితే 24 గంటలకి పీ-ఎర్క్ మొదటి స్థాయిలో 10 శాతం దగ్గరే ఉంటుందని మోడల్ చెప్పింది. ప్లేట్‌లో చేసి చూస్తే 40 శాతం. మూడుసార్లు చేసినా అంతే.

మోడల్లో ఎక్కడ వెతకాలి? 1 మైక్రోమోలార్ అన్నది మనిషికిచ్చే మోతాదుతో పోలుతుందా? అసలు మందు తయారీలో ఒక నిర్ణయం తీసుకోవడానికి ఇలాంటి మోడల్ పనికొస్తుందా, లేక పేపర్ వేసుకోవడానికేనా?

వర్గమూలం:

ముందు ఒక కూడిక. మూడు ప్రోటీన్లు, తొమ్మిది పాయింట్లు, రెండు రకాల కణాలు: 54 కొలతలు. ప్రతి వరుసనూ సున్నా గంటలకి 1గా నార్మలైజ్ చేసి ఉంటే అందులో ఆరు పోతాయి, మిగిలేవి 48. వాటితో 71 పారామీటర్లు ఫిట్ చేశారు. గీతలు పాయింట్ల మీదుగా పోకపోతేనే ఆశ్చర్యపడాలి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ ఫిట్‌లో సమాచారమూ అంతే.

అందుకని "మోడల్ తప్పు చెప్పింది" అనే మాటకి నేను ఇంకా ఒప్పుకోను. ఆ 48 కొలతలకి ఇంతే బాగా సరిపోయే పారామీటర్ సెట్లు వందల్లో ఉంటాయి. కొన్ని 10 శాతం అంటాయి, కొన్ని 70 అంటాయి. మీరు వాటిలో ఒకదాన్ని పట్టుకుని, అది చెప్పిందే మోడల్ మాట అనుకున్నారు.

ఈ వరసలో చేయండి.

పారామీటర్లన్నీ లాగ్10 స్కేల్లోకి మార్చండి. హద్దులు పదివేలు, లక్ష రెట్లు వెడల్పుగా ఉంచండి. ఒక్క చోటినుంచి కాదు, లాటిన్ హైపర్‌క్యూబ్‌తో (హద్దులంతటా సమంగా చోట్లు పరిచే పద్ధతి) కనీసం 500 చోట్లనుంచి ఆప్టిమైజేషన్ మొదలుపెట్టండి. వచ్చిన ఫలితాలను మంచి నుంచి చెడుకి పేర్చి గీస్తే మెట్లు కనబడాలి. కింది మెట్టు మీద 30, 40 రన్లు కలిస్తే అది నిజమైన అడుగు అనుకోవచ్చు. అక్కడ ఒకటో రెండో మాత్రమే ఉంటే అడుగు ఇంకా దొరకలేదు. ఈ పనికి కోపాసీ నెమ్మది. మోడల్‌ని ఎస్‌బీఎంఎల్‌లో (మోడళ్ల ఉమ్మడి ఫైలు రూపం) ఎగుమతి చేసి అమీచి, పైపెస్టో సాఫ్ట్‌వేర్లతో నడపండి. గ్రేడియంట్లు సరిగ్గా లెక్కేస్తాయి కాబట్టి గంటల పని నిమిషాల్లోకి వస్తుంది.

తర్వాత ప్రొఫైల్ లైక్లీహుడ్. ఒక పారామీటర్‌ని ఒక విలువ దగ్గర బిగించి మిగతా అన్నిటినీ మళ్లీ ఆప్టిమైజ్ చేయాలి, తర్వాత కాస్త జరిపి మళ్లీ అదే పని. మైనస్ రెండు లాగ్-లైక్లీహుడ్ అడుగునుంచి 3.84 పైకి లేచేదాకా రెండువైపులా వెళ్లాలి. 95 శాతం హద్దు అదే. గీత రెండువైపులా బల్లపరుపుగా ఉంటే ఆ పారామీటర్ ఈ సమీకరణాల్లో ఎప్పటికీ విడిగా తేలదు, ఇదే రకం డేటా ఎంత పోగేసినా లాభం లేదు. దాన్ని ఇంకోదానితో కలిపేయండి, లేదా విడిగా కొలిచిన విలువకి బిగించేయండి. ఒకవైపు లేచి ఇంకోవైపు పడుకుంటే డేటా చాలలేదని అర్థం, సరైన ప్రయోగం చేస్తే తేలుతుంది. ఈ రెండిటినీ కలగాపులగం చేసి నెలలకొద్దీ బ్లాట్లు వేసేవాళ్లే ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది: అదే పద్ధతిని అంచనా మీద వాడండి. "రెండు మందులు కలిపినప్పుడు 24 గంటల పీ-ఎర్క్" అనే సంఖ్యను 5, 10, 20, 40, 70 శాతాల దగ్గర బిగించి, ఫిట్ ఎంత చెడుతుందో చూడండి. 40 దగ్గర కూడా ఫిట్ చెడకపోతే మోడల్ తప్పు చెప్పలేదు, అసలేమీ చెప్పలేదు. చెడితే అప్పుడు నిజంగా సమీకరణాల్లోనే ఏదో లేదు. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఈ రెండిటిలో ఏదో తేలాకే మొదలవుతుంది.

ఇంకో రెండు పొరపాట్లు తరచూ కనబడతాయి, మీ దగ్గర ఉన్నాయేమో చూసుకోండి. మందు వేయకముందు కణం నిలకడగా ఉండాలి, అంటే సున్నా గంటల స్థితిని మీరు ఇచ్చేయకూడదు, మోడల్‌ని స్టెడీ స్టేట్ దాకా నడిపి అక్కణ్ణుంచి మందు వేయాలి. లేకపోతే మొదటి గంటలో కనబడే కదలికలో సగం మందు వల్ల కాదు, మోడల్ తన చోటు తాను వెతుక్కోవడం వల్ల. రెండోది, రెండు రకాల కణాలకి వేర్వేరు రేటు స్థిరాంకాలు ఇచ్చారేమో చూడండి. రసాయనం రెండుచోట్లా ఒకటే. మారాల్సింది ప్రోటీన్ల మొత్తాలు మాత్రమే. రేట్లు ఉమ్మడిగా పెడితే పారామీటర్లు ఒక్కసారిగా తగ్గుతాయి, ఏ375 డేటా హెచ్‌టీ29 అంచనాకి పనికొస్తుంది.

యూనిట్ల గురించి చిన్నమాట. 1 పికోలీటర్ కణంలో 1 నానోమోలార్ అంటే 602 అణువులు. 96 బావుల ప్లేట్‌లో 100 మైక్రోలీటర్ల మీడియం, 10,000 కణాలు, ఒక్కోటి 2 పికోలీటర్లు అనుకుంటే మీడియం ఘనపరిమాణం కణాల మొత్తానికి 5,000 రెట్లు. బయట లైగాండ్‌కీ (రిసెప్టర్‌కి అతుక్కునే అణువు) లోపలి ప్రోటీన్‌కీ ఒకే ఘనపరిమాణం వాడితే, ఆ 5,000 రెట్ల తప్పును ఏదో ఒక రేటు స్థిరాంకం చప్పుడు చేయకుండా మోస్తుంటుంది.

తెల్లకోటు:

వర్గమూలం గారు చెప్పినదంతా సరే. నేను సమీకరణాల్లో ఏది లేదో ఊహిస్తాను, తర్వాత బ్లాట్ల సంగతి.

మీ మోడల్లో ఎర్క్ వెనక్కి తిరిగి ఎస్‌ఓఎస్‌నో (రాస్‌ని లేపే ప్రోటీన్) రాఫ్‌నో ఫాస్ఫోరిలేట్ చేసి ఆపే ఫీడ్‌బ్యాక్ ఉండి ఉంటుంది. అది నిమిషాల పని. మీరు చూసింది 24 గంటల లేవడం. అంత నెమ్మదిగా లేపేది ట్రాన్స్‌క్రిప్షన్, అంటే జీన్‌నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తయారవడం. వీ600ఈ కణంలో ఎర్క్ ఎప్పుడూ మండుతూ ఉంటుంది కాబట్టి డస్ప్6, స్ప్రౌటీ లాంటి బ్రేకు ప్రోటీన్లు నిండుగా ఉంటాయి. వెమురాఫెనిబ్ ఎర్క్‌ని దించగానే వాటి ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోతుంది, తర్వాత ప్రోటీన్లు కరిగిపోతాయి. బ్రేకులు పోయాక రిసెప్టర్లనుంచి కొద్దిగా సిగ్నల్ వచ్చినా రాస్ లేస్తుంది. రాస్ లేస్తే రాఫ్‌లు జంటలు కడతాయి. వెమురాఫెనిబ్ ఒంటరి వీ600ఈని బాగా పట్టుకుంటుంది కానీ, జంటలో ఒకదాన్ని పట్టుకుంటే రెండోదానికి అంత తేలిగ్గా అతుక్కోదు. ఆ రెండోది మెక్‌ని కొడుతూ ఉంటుంది. మామూలు బీరాఫ్ ఉన్న కణాల్లో ఇదే మందు ఎర్క్‌ని పెంచుతుందని 2010లో వచ్చిన పేపర్లు చూపించింది ఈ లెక్కే. వెమురాఫెనిబ్ వాడేవాళ్లలో చర్మం మీద స్క్వేమస్ గడ్డలు రావడం వెనకా ఇదే ఉంది.

జెఫిటినిబ్ ఈజీఎఫ్ఆర్‌ని మూసినా హెర్2, హెర్3, మెట్, ఎఫ్‌జీఎఫ్ఆర్ లాంటి వేరే రిసెప్టర్ల తలుపులు తెరిచే ఉంటాయి. మోడల్లో రిసెప్టర్ అంటే ఈజీఎఫ్ఆర్ ఒక్కటే అయితే, దాన్ని మూయగానే అంతా చల్లారిపోతుంది. మీ 10 శాతం అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. డస్ప్, స్ప్రౌటీలకి ఎంఆర్‌ఎన్‌ఏ మెట్టు, ప్రోటీన్ మెట్టు చేర్చండి. "మిగతా రిసెప్టర్లు" అని ఒకే డబ్బాలో ఒక చిన్న సిగ్నల్ పెట్టండి. అన్నీ విడివిడిగా రాస్తే పారామీటర్లు మళ్లీ పుట్టలా పెరుగుతాయి.

ఇక బ్లాట్లు. ప్లేట్ దగ్గర జరిగే తప్పులు మోడల్లోకి జీవశాస్త్రం వేషంలో వస్తాయి.

మందు వేయడానికి మీడియం మార్చారా? కొత్త సీరమ్ తగలగానే 5, 10 నిమిషాల్లో పీ-ఎర్క్ దానంతటదే ఎగురుతుంది. మందుని పదింతల గాఢతలో, ఆ కణాల మీదున్న మీడియంలోనే కలిపి, 37 డిగ్రీలకి వెచ్చబెట్టి, తొమ్మిదింట ఒకవంతు పరిమాణం మెల్లగా చేర్చండి. మందు కరిగించే డీఎంఎస్‌ఓ అన్నిట్లో 0.1 శాతం దాటకుండా సమానంగా ఉండాలి. డీఎంఎస్‌ఓ కంట్రోల్ సున్నా గంటలకి ఒక్కటి చాలదు, ప్రతి టైమ్ పాయింట్‌కీ ఉండాలి. 48 గంటలకి కణాలు కిక్కిరిసిపోతే మందు లేకుండానే పీ-ఎర్క్ మారుతుంది. చివరి పాయింట్ నాటికి ప్లేట్ 70 శాతం కంటే నిండకుండా తక్కువ కణాలతో మొదలుపెట్టండి.

కణాలను ట్రిప్సిన్‌తో లేపి తర్వాత లైసిస్ (కణాలను పగలగొట్టడం) చేయకండి, ఆ కొద్ది నిమిషాల్లో ఫాస్ఫోరిలేషన్ మొత్తం మారిపోతుంది. మంచుమీద పెట్టి, చల్లని పీబీఎస్‌తో ఒక్కసారి కడిగి, ప్లేట్ మీదే లైసిస్ బఫర్ పోయండి. అందులో సోడియం ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్, సోడియం ఫ్లోరైడ్ ఉండాలి. వనడేట్‌ని పీహెచ్ 10 దగ్గర రంగు పోయేదాకా మరిగించి తయారుచేసుకున్నదే వాడాలి, పసుపుగా ఉన్నది పీ-ఈజీఎఫ్ఆర్‌ని సరిగ్గా కాపాడదు.

ఒకే లైసేట్‌ని (కణాలు పగలగొట్టగా వచ్చిన ద్రవం) 5, 10, 20, 40 మైక్రోగ్రాములు వేసి చూడండి. సిగ్నల్ కూడా రెట్టింపవుతూ పోవాలి. 20 నుంచి 40కి పెరగకపోతే మీ సున్నా గంటల బ్యాండ్ సంతృప్తమైపోయింది, దానితో భాగించిన ప్రతి శాతమూ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. మీ 40 నిజానికి 25 అయి ఉండొచ్చు. ప్రతి జెల్ మీదా ఒకే రిఫరెన్స్ లైసేట్ రెండు లేన్లలో వేయండి. మోడల్లో ఒక్కో జెల్‌కి, ఒక్కో యాంటీబాడీకి ఒక స్కేలింగ్ పారామీటర్ పెట్టండి, మీరే ముందుగా భాగించేయకండి. టైమ్ పాయింట్లు వరసగా కాకుండా లేన్లలో కలిపి వేయండి, పక్కపక్క లేన్ల తప్పులు ఒకేవైపు పోతాయి.

ఒక హెచ్చరిక: మెక్ ఇన్హిబిటర్ కలిపే ప్రయోగాల్లో పీ-మెక్‌ని నమ్మొద్దు. కొన్ని మెక్ ఇన్హిబిటర్లతో ఫీడ్‌బ్యాక్ వదులై పీ-మెక్ పెరుగుతుంది, ఎర్క్ మాత్రం పడుకునే ఉంటుంది. పీ-ఎర్క్‌కి తోడుగా డస్ప్6 ఎంఆర్‌ఎన్‌ఏ కొలవండి.

వెస్టర్న్ చెప్పని ముక్క ఇంకొకటుంది. 40 శాతం అంటే అన్ని కణాలూ 40 దగ్గర ఉన్నాయా, పదింట నాలుగు కణాలు పూర్తిగా వెలుగుతున్నాయా? బీరాఫ్ మెలనోమాలో మందు కింద కూడా కొన్ని కణాల్లో ఎర్క్ అప్పుడప్పుడూ వెలిగి ఆరడం 2020లో లైవ్ ఇమేజింగ్‌లో చూపించారు. ఒక్కో కణాన్నీ విడిగా చూపే ఇమ్యునోఫ్లోరసెన్స్ ఒక్కసారి చేస్తే మీ దగ్గర ఏది జరుగుతోందో తెలుస్తుంది. రెండో రకమైతే సగటు మీద రాసిన సమీకరణాలు ఆ 40ని ఎంత సాగదీసినా సరిగ్గా చెప్పలేవు.

మోతాదు:

రెండో ప్రశ్న నా వంతు.

వెమురాఫెనిబ్ 960 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. స్టెడీ స్టేట్‌లో గరిష్ఠ గాఢత సుమారు 62 మైక్రోగ్రాములు ప్రతి మిల్లీలీటర్‌కి. అణుభారం 490. అంటే దాదాపు 126 మైక్రోమోలార్. ఇది చూసి "ప్లేట్‌లో 1 వేస్తే ఎలా, 100 వేయాలి" అనుకోవద్దు. 99 శాతం పైగా రక్తంలో ప్రోటీన్లకి అతుక్కునే ఉంటుంది, విడిగా తిరిగేది 1.3 మైక్రోమోలార్ లోపే. కణం మీద పనిచేసేది ఆ విడి భాగమే. మీ ప్లేట్‌లోనూ ఇదే లెక్క వేయాలి: 10 శాతం సీరమ్ ఉన్న మీడియంలో ప్రోటీన్ తక్కువే కానీ సున్నా కాదు, వేసిన 1 మైక్రోమోలార్‌లో కొంత అక్కడా అతుక్కుంటుంది. ఈక్విలిబ్రియం డయాలిసిస్‌తో మీడియంలో విడి భాగం కొలిపించండి. మోడల్లోకి ఆ సంఖ్యే పోవాలి. ఒకే మోతాదు కూడా చాలదు. 0.01 నుంచి 10 మైక్రోమోలార్ దాకా మూడింతల మెట్లలో ఏడు మోతాదులు, ఒక్కోదానికి 2, 24 గంటలు చాలు. మోతాదు మారితేనే అతుక్కునే స్థిరాంకాలు తేలతాయి.

ఇప్పుడు వైద్యంలో ఈ జంటకి వాడేది ఎన్కొరాఫెనిబ్ (బీరాఫ్ మీద), సెటుక్సిమాబ్ (ఈజీఎఫ్ఆర్ మీద). అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఎన్కొరాఫెనిబ్ రక్తంలో అర్ధాయువు మూడున్నర గంటలే, అయినా రోజుకి ఒక్కసారే 300 మిల్లీగ్రాములు. ఎందుకంటే వీ600ఈని ఒకసారి పట్టుకుంటే వదలడానికి అర్ధాయువు 30 గంటల పైన. వెమురాఫెనిబ్‌కి అది అరగంట. అందుకే మోడల్లో "గాఢత బై ఐసీ50" (ఐసీ50 అంటే సగం ఆపే గాఢత) అని ఒక్క పదం రాసేస్తే ఈ రెండు మందుల తేడానే పోతుంది. అతుక్కునే రేటు, వదిలే రేటు విడిగా రాయండి.

సెటుక్సిమాబ్ మొదటి వారం చదరపు మీటరుకి 400 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి 250. ఇది యాంటీబాడీ, సుమారు 152 కిలోడాల్టన్లు. చర్మం, కాలేయంలోని ఈజీఎఫ్ఆర్ దీన్ని మింగేస్తుంది కాబట్టి తక్కువ మోతాదులో వేగంగా, ఎక్కువ మోతాదులో నెమ్మదిగా పోతుంది. సాదా రెండు గదుల మోడల్ దీనికి చాలదు, టార్గెట్ కూడా క్లియరెన్స్‌లో పాలు పంచుకోవాలి. జెఫిటినిబ్‌తో కట్టిన మోడల్‌ని నేరుగా దీనికి మార్చేయకండి.

రోగుల స్థాయికి రావాలంటే వర్చువల్ పేషెంట్లు. ఈజీఎఫ్ఆర్, రాస్, డస్ప్ మొత్తాలను, మందు క్లియరెన్స్‌ని లాగ్-నార్మల్‌గా మారుస్తూ 10,000 మందిని తయారుచేయండి. శరీరంలో సాధ్యం కాని సంఖ్యలు వచ్చినవాళ్లను తీసేయండి. మిగిలినవాళ్లకి బరువులిచ్చి తెలిసిన ట్రయల్ ఫలితంతో సరిపెట్టండి. ఇక్కడొక మెలిక. పేగు క్యాన్సర్‌లో వెమురాఫెనిబ్ ఒక్కటే ఇచ్చిన ట్రయల్లో 21 మందిలో ఒకరికే గడ్డ తగ్గింది. అందరూ "5 శాతం" అని రాసుకుంటారు. 21లో 1కి 95 శాతం హద్దులు 0.1 నుంచి 24 దాకా పోతాయి. సరిగ్గా 5కి బిగిస్తే లేని నమ్మకాన్ని మోడల్లోకి ఎక్కించినట్టే.

ఎన్కొరాఫెనిబ్, సెటుక్సిమాబ్ జంటని పరీక్షించిన బీకన్ ట్రయల్‌ని మాత్రం ఫిట్‌కి ముట్టుకోకండి, పరీక్షకి దాచుకోండి. 665 మంది. రెండు మందుల జట్టులో సుమారు 20 శాతం మందికి గడ్డ తగ్గింది, మెక్‌ని ఆపే బినిమెటినిబ్ కూడా కలిపిన మూడు మందుల జట్టులో సుమారు 27 శాతానికి, పాత చికిత్సలో 2 శాతానికి. తర్వాతి విశ్లేషణలో ఆయుష్షు మీడియన్ రెండు జట్లలోనూ 9.3 నెలలు, పాత చికిత్సలో 5.9. ఆ రెండు జట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ట్రయల్‌ని రూపొందించలేదు, నిజమే. అయినా అనుమతి వచ్చింది రెండు మందుల జంటకే. మూడో మందుతో పీ-ఎర్క్ ఇంకా దిగుతుందని మీ మోడల్ చెబుతుంది, ప్లేట్‌లోనూ దిగుతుంది. కానీ ఆయుష్షు పీ-ఎర్క్ ఒక్కదానితో రాదు. విరేచనాలొచ్చి మోతాదు తగ్గించడం, మధ్యలో ఆపడం మోడల్లో లేకపోతే మూడో మందు ఎప్పుడూ మంచిదిగానే కనబడుతుంది.

కణాల ఎదుగుదలను కూడా "ఎన్ని శాతం బతికాయి" అని కొలవకండి. మందు ఎదుగుదల వేగాన్ని సరిగ్గా సగం చేస్తుందనుకుందాం. 72 గంటల్లో ఒక్కసారి రెట్టింపయ్యే కణాల్లో 71 శాతం మిగిలినట్టు కనబడుతుంది, మూడుసార్లు రెట్టింపయ్యేవాటిలో 35 శాతం. మందు చేసింది రెండుచోట్లా ఒకటే. సున్నా గంటల కణాల సంఖ్య కూడా కొలిచి జీఆర్ విలువ (ఎదుగుదల వేగం మీద మందు ప్రభావం చెప్పే కొలత) లెక్కేస్తే రెండిటికీ 0.41 వస్తుంది. హెచ్‌టీ29నీ ఏ375నీ పోల్చే పని పెట్టుకున్నారు కాబట్టి ఇది తప్పనిసరి.

ఉప్పుకారం:

మూడో ప్రశ్నని అందరూ దాటేశారు.

2009లో ఎర్బ్ రిసెప్టర్ల (ఈజీఎఫ్ఆర్ కుటుంబం) నెట్‌వర్క్‌ని సమీకరణాలుగా రాసి, ఏ ముడి కదిపితే ఏకేటీ అనే సిగ్నల్ ప్రోటీన్ ఎక్కువ కదులుతుందో సెన్సిటివిటీ విశ్లేషణ చేశారు. తేలింది ఎర్బ్3, అంటే పైన చెప్పిన హెర్3. సొంత కైనేజ్ బలం దాదాపు లేని రిసెప్టర్, అప్పటిదాకా పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. దానిమీద సెరిబాంటుమాబ్ అనే యాంటీబాడీ తయారుచేశారు. సిస్టమ్స్ బయాలజీ గురించి చెప్పే ప్రతిచోటా ఈ కథ వచ్చేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దాని ట్రయల్ 2018లో లాభం కనబడక ఆపేశారు. సెన్సిటివిటీ విశ్లేషణలో తప్పు లేదు. ఆ ముడి కణంలో ఏకేటీని కదుపుతుందా అన్నది ఒక ప్రశ్న, కీమో తీసుకుంటున్న రోగిలో గడ్డ ఆ ముడి మీదే ఆధారపడి ఉందా అన్నది వేరే ప్రశ్న. మోడల్ మొదటిదానికే జవాబిచ్చింది.

ఇంకోటి, ఎఫ్‌ఏఏహెచ్ అనే ఎంజైమ్‌ని ఆపే ఇన్హిబిటర్. మోకాలి కీళ్లనొప్పికి ఫైజర్ పరీక్షించిన మందు ఎంజైమ్‌ని 96 శాతం పైగా మూసింది. నొప్పి మాత్రం ప్లసీబో కంటే తగ్గలేదు. అదే ట్రయల్లో మామూలు నొప్పిమందు న్యాప్రాక్సెన్ పనిచేసింది కాబట్టి ట్రయల్ చెడ్డదనడానికీ లేదు. టార్గెట్ మూతపడింది, రోగం కదల్లేదు.

దీనికి తోడు, ఆంకాలజీలో జంటలు గెలవడానికి చాలాసార్లు సినర్జీ (ఒకదాన్నొకటి బలపరచడం) అక్కర్లేదు. కొందరికి ఒకటి పనిచేస్తుంది, ఇంకొందరికి రెండోది. ఆ కూడికే చాలా ట్రయల్స్ ఫలితాన్ని వివరిస్తుందని 2017లో చూపించారు. మోడల్ లేకుండా కాలిక్యులేటర్‌తో వచ్చే జవాబు అది. మీ మోడల్ ముందు ఆ కాలిక్యులేటర్‌ని ఓడించాలి.

మోతాదు:

ఉప్పుకారం గారూ, ఆ కాలిక్యులేటర్‌ని ఇక్కడ వాడి చూడండి. వెమురాఫెనిబ్ ఒక్కటే దాదాపు ఐదు శాతం, బీరాఫ్ మ్యుటేషన్ ఉన్నవాళ్లలో సెటుక్సిమాబ్ ఒక్కటే దాదాపు శూన్యం. కూడితే 20 రాదు. ఎన్కొరాఫెనిబ్ వేరే మందన్నది నిజమే, కానీ ఆ తేడా ఒక్కటే ఇంత ఖాళీని పూడ్చదు. ఇది ఫీడ్‌బ్యాక్ తెంచితే వచ్చిన లాభమే. అందుకే ఈ జంట మోడల్ కట్టదగ్గది.

పనికొచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. పారాథైరాయిడ్ హార్మోన్ మందు నాట్‌పారా దరఖాస్తు వచ్చినప్పుడు, మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతోందని చూసి ఎఫ్‌డీఏ సమీక్షకులే 2010 నాటి కాల్షియం-ఎముక మోడల్‌ని తీసుకుని, రోజుకొక్కసారి కాకుండా వేరే విధంగా ఇస్తే ఏమవుతుందో నడిపి చూశారు. మందు గుండె లయ తప్పిస్తుందా అని తేల్చడం ఇంకా మంచి ఉదాహరణ. వెరాపమిల్ గుండెకణంలోని హెర్గ్ పొటాషియం చానెల్‌ని మూస్తుంది, పాత లెక్క ప్రకారం ప్రమాదకరం. కానీ ఎల్-టైప్ కాల్షియం చానెల్‌నీ మూస్తుంది కాబట్టి లయ తప్పదు. డొఫెటిలైడ్ హెర్గ్‌నే మూస్తుంది, తప్పుతుంది. సీపా అనే మందుల భద్రతా పరీక్షల పథకంలో ఒక్కో చానెల్ మీద మందు ప్రభావాన్ని విడిగా కొలిచి, 2011 నాటి ఓహారా-రూడీ గుండెకణం మోడల్లో పెట్టారు. 28 మందుల జాబితా ముందే ప్రకటించి, 12తో సరిచేసి, 16తో పరీక్షించారు.

ప్రశ్న ఇరుకు, ప్రతి భాగమూ విడిగా కొలవగలిగింది, పరీక్ష జాబితా ముందే బయటపెట్టింది. సెరిబాంటుమాబ్ కథలో ఈ మూడూ ఒకచోట లేవు.

సందేహాలపుట్ట:

రేట్లు ఉమ్మడి చేశాను, డస్ప్/స్ప్రౌటీ మెట్లు, "మిగతా రిసెప్టర్లు" డబ్బా చేర్చాను, మధ్యలో పనికిరాని మెట్లు కలిపేశాను. ఇప్పుడు 38 పారామీటర్లు. 500 రన్లలో 60 పైగా కింది మెట్టు మీదే ఉన్నాయి. 24 గంటల అంచనా ప్రొఫైల్ 8 నుంచి 71 శాతం దాకా బల్లపరుపు! అంటే నా 40 అందులోనే ఉంది, మోడల్ ఏమీ చెప్పలేదన్నమాట నిజమే. బ్రేకులు పోవడం వల్ల లేస్తోందా, మిగతా రిసెప్టర్లు బలంగా ఉండటం వల్లా అన్నది రెండూ సరిపోతున్నాయి. ఒకే ఒక్క ప్రయోగానికి సరిపడా మందు, కణాలు ఉన్నాయి. ఏది చేయాలి?

వర్గమూలం:

ముందు కంప్యూటర్‌లో చేయండి. కింది మెట్టు మీదున్న ఆ 60 సెట్లూ తీసుకుని, చేయగలిగిన ప్రతి ప్రయోగాన్నీ అన్నిటితో నడపండి. 60 గీతలూ ఒకదానిమీద ఒకటి పడే ప్రయోగం దండగ. విసనకర్రలా విచ్చుకునేది ఎంచుకోండి. నా పందెం వాషౌట్ (మందు కడిగేసి చూడటం) మీద.

తెల్లకోటు:

నాదీ అదే. వెమురాఫెనిబ్, జెఫిటినిబ్‌లతో 24 గంటలు ఉంచి, వెమురాఫెనిబ్ మాత్రం కడిగేయండి, జెఫిటినిబ్ కొనసాగించండి. తర్వాత 0, 5, 10, 20, 40, 60 నిమిషాలకి పీ-ఎర్క్. బ్రేకులు పోయి ఉంటే వీ600ఈ విడుదలవగానే పీ-ఎర్క్ మందు వేయకముందు ఉన్న స్థాయిని దాటి ఎగిరి, డస్ప్ తిరిగి తయారయ్యాక దిగుతుంది. బ్రేకులు ఉండి ఇతర రిసెప్టర్లే కారణమైతే పాత స్థాయికి చేరి ఆగుతుంది. అదే లైసేట్లకి పక్కన ఒక బావి ఆర్‌ఎన్‌ఏకి ఉంచి డస్ప్6 చూడండి. వెమురాఫెనిబ్ అరగంట అర్ధాయువుతో వదులుతుంది కాబట్టి ఇది కుదురుతుంది, ఎన్కొరాఫెనిబ్‌తో ఇదే చేస్తే గంటలో ఏమీ కనబడదు. ఆ వదిలే రేటుని మోడల్లో తెలిసిన విలువకే బిగించండి, లేకపోతే ఎగరడం ఎంత ఎత్తన్నది దాని మీద పడిపోతుంది.

కడగడానికి వాడే మీడియం పక్క ప్లేట్‌లో అదే కణాల మీద 24 గంటలు ఉన్నదై ఉండాలి, జెఫిటినిబ్ అదే గాఢతలో కలిపి, రెండుసార్లు. డీఎంఎస్‌ఓ ప్లేట్‌నీ అలాగే కడిగి అవే ఆరు పాయింట్లు తీయండి. కడగడమే పీ-ఎర్క్‌ని కొంత లేపుతుంది, అది తీసేశాక మిగిలిందే మీ డేటా.